మునిరత్నం వ్యాన్‌కు నాలుగు ట్రయళ్లు

నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ వ్యాన్‌కి, బానెట్ ఎత్తకుండానే, సగం గ్లాసు టీ తాగేలోపు గుత్త రేటు తేల్చేసిన మెకానిక్ ఎవరని రేణిగుంట రోడ్డులో అడగండి, నా పేరే చెబుతారు. మిగతావాళ్లు బండిని చూసి, విని, వాసన పట్టి, తల గోక్కుని ఆ తర్వాత రేటు చెబుతారు. నాకంత ఓపిక అక్కర్లేదు. మనిషిని చూసి చెప్పేస్తాను. ఆ రోజూ అలాగే చెప్పాను: కూలి తొమ్మిది వేలు, సామాన్ల ఖర్చు వేరు, పికప్ వచ్చేదాకా ఎన్నిసార్లు తెచ్చినా మళ్లీ కూలి అడగను. ముప్పై ఏళ్ల వృత్తిలో అంత తెలివైన బేరం ఇంకొకటి చేయలేదని ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కరోనా సద్దుమణిగి, శ్రీ సిటీ ఫ్యాక్టరీలు మళ్లీ మూడు షిఫ్టులూ నడుపుతున్న ఏడాది అది. ఫిబ్రవరి ఆఖరు. మా నాయనకు పుత్తూరులో చిల్లర కొట్టు ఉండేది. పొట్లం కట్టడం, బేరం ఆడటం అక్కడే నేర్చుకున్నాను. మెకానిక్‌నయినా నన్ను అందరూ శెట్టీ అనే పిలుస్తారు. వ్యాన్ తెచ్చినతని పేరు మునిరత్నం. వడమాలపేట దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. రోజూ ఉదయం షిఫ్టుకు పన్నెండు మంది కూలీలను ఎక్కించుకుని పుత్తూరు, నారాయణవనం, సత్యవేడు మీదుగా శ్రీ సిటీకి తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చేవాడు. ఆ కాంట్రాక్టు మీదే ఆ ఇల్లు నడిచేది.

"పదైదు వేలా? ఇంకో రెండు వేలేస్తే నిన్నే కొనుక్కోని ఇంటికి తీసకపోతా కదా శెట్టీ," అన్నాడు నా మొదటి రేటు విని.

"తీసకపోన్నా. మూడు పూట్లా అన్నం పెట్టల్ల. లెక్కేసుకో, బండి రిపేరే చౌక."

అతను పడీపడీ నవ్వాడు. నవ్వే మనిషితో బేరం త్వరగా తెగుతుంది. తొమ్మిది వేలకు దిగాను. దిగినట్టు నటించాను అనాలి, నేను అనుకున్నది ఎనిమిదే.

అతని ఫిర్యాదు ఇది. ఎక్సలరేటర్ తొక్కితే బండి అందుకోదు. ఒకటి రెండు క్షణాలు తటపటాయించి, తర్వాత ఒక్కసారిగా ఎగిరినట్టు ముందుకు పోతుంది. దీన్ని మేము హెజిటేషన్ అంటాం. పాత బండ్లలో దీనికి సవాలక్ష కారణాలు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, డీజిల్ లైన్‌లో గాలి చేరి ఉండొచ్చు, డీజిల్‌ను సన్నగా చిమ్మే ఇంజెక్టర్ అరిగి ఉండొచ్చు. ఒక్కొక్కటే కొట్టివేసుకుంటూ పోవాలి.

డీజిల్ ఫిల్టర్ విప్పితే అడుగున బురద, నీళ్లు. ఇంతే కదా అనుకున్నాను. కొత్తది వేసి, లైన్ శుభ్రం చేసి, ట్రయల్‌కి తీసుకెళ్లాను. నేను ఒక్కణ్ణే. ఇక్కడ మా షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. ట్రయల్‌లో బండి యజమానిని నేను ఎక్కించుకోను. గల్లాపెట్టె దాటి లోపలికి కొనేవాణ్ణి రానివ్వొద్దని మా నాయన చెప్పేవాడు. లోపలికొస్తే ముందు త్రాసు చూస్తాడు, తర్వాత మన మొహం చూస్తాడు, ఆ తర్వాత రేటు అడుగుతాడు అని. నేనూ అదే పాటించాను. కస్టమర్‌ని ఎదురుగా టీ అంగట్లో కూర్చోబెట్టి, బండిని నేనే నడిపి, నేనే తెచ్చి తాళం చేతిలో పెడతాను. పక్కన కూర్చుంటే ప్రతి చప్పుడుకీ ప్రశ్న వేస్తాడు. ప్రతి ప్రశ్నకూ బేరం తగ్గుతుంది.

బండి పట్టులా పోయింది. తాళం ఇచ్చేశాను.

వారం తిరక్కుండా మునిరత్నం మళ్లీ వచ్చాడు.

"నీ చేతిలో బాగుంటాది శెట్టీ. నా చేతికొస్తే మొరాయిస్తాది."

"నీ మీద అలిగిందేమోన్నా. పూలు గీలు తెచ్చిపెట్టు."

"ముప్పై ఏండ్ల పెండ్లానికే తేలేదు, దీనికి తెస్తానా? కాలు తొక్కే ఉంటాది అప్పా. బండి మాత్రం ఊపిరి బిగబట్టుకోని నిలబడిపోతాది. ఎనక నుంచి లారీలు మీదికొస్తా ఉండాయి."

కాలు తొక్కే ఉంటాది అన్నాడు. ఆ మాట విన్నాను. మా దగ్గరికి వచ్చే ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతాడు, మేము సగం వింటాం.

ఈసారి ఇంజెక్టర్లకు బ్యాక్ లీక్ టెస్ట్ చేశాను. నాలుగింటికీ నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఇంజిన్ నడిపి, ఏది ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చూడటం. మూడో సీసా మిగతావాటికంటే రెండింతలు నిండింది. దాన్ని విప్పించి బాగుచేయించాను. మళ్లీ నేనే ట్రయల్ పోయాను. ఇంజిన్ చప్పుడు నిజంగానే మెత్తబడింది. ఈ దెబ్బకు కుదిరిందనుకున్నాను.

మూడోసారి మార్చి చివర్లో వచ్చాడు. వెంట భార్య సుగుణమ్మ కూడా ఉంది. ఆమె షెడ్డు బయట అరుగు మీద కూర్చుని, అతనికంటే ముందే మొదలుపెట్టింది.

"కాంట్రాక్టరు నిన్న ఇంటికే వచ్చినాడప్పా. బండిలో వచ్చే ఆడపిల్లోళ్లు భయపడతా ఉండారంట. ఇంకొక్కసారి నడి రోడ్లో ఆగితే వేరే బండి పెట్టుకుంటానని చెప్పేసి పోయినాడు. మాకు ఇంకేముండాది?"

"ఈసారి తేలిపోతాదక్కా."

"పోయినసారీ ఇదే చెప్పినావంట కదా. ఈయనా అంతే. చెప్పు యాడ జారిపోయిందో కూడా తెలీకుండా నడిచొస్తాడు. రెండు నెల్లలో మూడో జత. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చే మొగుణ్ణి ఎవరైనా చూసినారా?"

"తాగొచ్చినాడేమో చూసుకోక్కా," అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ రోజు స్కానర్ పెట్టాను. ఇది ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలను తెర మీద చూపే పరికరం. బండి నడుస్తుండగా వచ్చే అంకెలను లైవ్ డేటా అంటాం, వాటిని రికార్డు చేసి తర్వాత గీతలుగా చూడొచ్చు. నా చేతిలో జబ్బు బయటపడనంటోంది కాబట్టి, రికార్డు ఆన్ చేసి పరికరాన్ని బండికే వదిలి, ఒక రోజు అతణ్ణి మామూలుగా శ్రీ సిటీకి వెళ్లి రమ్మన్నాను. మర్నాడు గీతలు తెరిచాను. ఇంజిన్ మందగించిన ప్రతిచోటా ఎక్సలరేటర్ పెడల్ గీత దభాలున సున్నాకు పడింది, రెండు క్షణాలాగి పైకి లేచింది. తొమ్మిది చోట్ల. దొంగ దొరికాడని తొడ కొట్టినంత పని చేశాను. పెడల్ సెన్సర్ పోయింది! ఆ బండికి సెన్సర్ విడిగా దొరకదు, పెడల్ మొత్తం మార్చాలి. మార్చాను.

ఇక్కడ నా తప్పు వివరంగా చెప్పాలి, కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కోసం. ఆ పెడల్‌లో కాలు ఎంత నొక్కిందో చెప్పే సెన్సర్లు ఒకటి కాదు, రెండుంటాయి, తెర మీద ఒక్కోదానికి ఒక్కో గీత. ఒకదానికి ఇంకొకటి సాక్షి. ఒకటి చెడితే రెండు గీతలూ చెరో దారి పడతాయి, వెంటనే ఇంజిన్ బొమ్మ ఉన్న దీపం వెలుగుతుంది. మునిరత్నం బండిలో దీపం ఎప్పుడూ వెలగలేదు. రెండు గీతలూ కలిసే దిగాయి, కలిసే ఎక్కాయి. సెన్సర్లు రెండూ నిజమే చెబుతున్నాయని దానర్థం. పెడల్ మీద ఆ రెండు క్షణాలు కాలు లేదు. అది తెర మీద నా కళ్ల ముందే ఉంది. నా కళ్లు మాత్రం పెడల్ రేటు మీద ఉన్నాయి.

పాత పెడల్‌ని అట్టపెట్టెలో దాచుకుని, కొత్తదానికి బిల్లు వేసి పంపేశాను.

ఏప్రిల్ నడిమిలో నాలుగోసారి వచ్చినప్పుడు మునిరత్నం నవ్వలేదు. బేరమాడలేదు. తాళం బల్ల మీద పెట్టాడు.

"కాంట్రాక్టరు సోమవారం దాకా టైమిచ్చినాడు శెట్టీ. నీకు చేతకాకుంటే చెప్పేయ్, మద్రాసుకు తీసకపోతా. సిగ్గేమీ లేదు."

అది నాకు గట్టిగానే తగిలింది. ఆ రోషంలోనే, ముప్పై ఏళ్లలో మొదటిసారి, "పోన్నా, నువ్వే తోలు, నేను పక్కన కూర్చుంటా," అన్నాను.

మధ్యాహ్నం ఎండ. రేణిగుంట దాటాం. నేను ఇంజిన్ చప్పుడు వింటూ, ఒడిలో స్కానర్ పట్టుకుని కూర్చున్నాను. వడమాలపేట టోల్‌గేటు ఇంకా రాలేదు, బండి ఒక్కసారిగా బరువెక్కింది. తెర మీద పెడల్ గీత పడిపోయింది.

"ఇదో! ఇదే! చూడు శెట్టీ, తొక్కతానే ఉండాను!"

నేను తెర మీద నుంచి తల తిప్పి కిందికి చూశాను.

అతని కుడి పాదం పెడల్ మీద లేదు. పక్కకు జారి, నేల మీదున్న రబ్బరు మ్యాట్‌ను గట్టిగా నొక్కుతోంది. పిక్క కండరం బిగుసుకుని ఉంది. ఆ మనిషి నిజంగానే తొక్కుతున్నాడు. తొక్కుతున్నది దేన్నో అతని పాదానికి తెలియడం లేదు.

"ఇంకా తొక్కుతా ఉండావా అన్నా?"

"అడుగంటా తొక్కినాను అబ్బా! నీకు కనపడలేదా?"

ఈలోగా కాలు అటూ ఇటూ కదిలి మళ్లీ పెడల్ మీద పడింది. బండి ఎగిరినట్టు ముందుకు పోయింది. "చూసినావా, వచ్చేసె," అన్నాడు. అతని మొహంలో సంతోషం కూడా ఉంది, ఎట్టకేలకు జబ్బు నాకు చూపించగలిగానని.

రోడ్డు పక్కన ఆపమన్నాను. ఆపాడు. చెప్పు తీసి కాలు పైన పెట్టమన్నాను. అరికాలిలో బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. అంచులు నల్లబడి ఉన్నాయి. నడుమ ఒక తుప్పు మేకు తల కనిపించింది. చెప్పు జారిపోయిన రోజెప్పుడో దిగి అక్కడే ఉండిపోయినట్టుంది. వాసన వచ్చింది.

"ఇదెప్పుడు గుచ్చుకునిందన్నా?"

అతను వంగి, వేరే ఎవరి కాలో చూస్తున్నట్టు చూశాడు. "తెలీదప్పా. నొప్పి లేదే."

"షుగరుండాదా?"

"ఉండాదన్నారు. మాత్రలు తింటా ఉంటి. కరోనాలో దొరక్క ఆపేసినాను. బాగానే ఉండాను కదా అని మళ్లీ తినలేదు." తర్వాత పెడల్ వైపు చూశాడు. "శెట్టీ, బండిలో ఏమీ లేదా?"

"బండి బంగారం అన్నా."

అప్పుడతనికి అర్థమైంది. బండి చెడితే బాగుచేయించుకుంటాడు. కాలు చెడితే కాంట్రాక్టరు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"సెన్సరే పోయిందని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాడు. సోమవారం నుంచి నిదానంగా తోల్తాను. కట్టు కట్టుకోని, కాలు చూసుకుంటా తోల్తాను."

"కాలు చూస్తే రోడ్డెవరు చూస్తారన్నా? బండిలో పన్నెండు మంది ఉంటారు."

నేను దిగి అటువైపు వెళ్లి, తాళం తీసి జేబులో వేసుకున్నాను.

"బండి నాది శెట్టీ," అన్నాడు, మెల్లగా.

"నీదేన్నా. ఇటు జరుగు. నేను తోల్తా."

నేరుగా తిరుపతిలో ఆసుపత్రికే తీసుకెళ్లాను. దారంతా అతను ఎక్సలరేటర్ మీదున్న నా కాలినే చూస్తూ కూర్చున్నాడు.

షుగర్ వల్ల పాదాల నరాలు చచ్చుబడ్డాయని డాక్టర్ చెప్పారు. పుండుకు ఆరేడు వారాల వయసు ఉండొచ్చని, మొదట్లోనే వచ్చి ఉంటే మేకు తీసి, కట్టుతో, మందులతో పోయేదేమో అని అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను వరండాలో నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను. బండి మొదటిసారి నా షెడ్డుకు వచ్చి ఏడు వారాలు.

ముందు రెండు కాలివేళ్లు తీశారు. విషం పైకి పాకింది. మే నెలాఖరుకు మోకాలి కింద నుంచి కాలు తీశారు.

సోమవారం గడువు రాకముందే నేనే కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, మునిరత్నం ఇక బండి తోలడని చెప్పాను. ఆ ఫోన్ సంగతి తెలిసి సుగుణమ్మ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత వ్యాన్ అమ్మిపెట్టమని ఆమే కబురు పంపింది. కొనడానికి వచ్చిన పీలేరు మనిషిని మూడు రోజులు తిప్పి, లక్షా అరవై అన్నవాణ్ణి లక్షా తొంభై దాకా ఎక్కించాను. డబ్బు తీసుకుంటూ ఆమె అడిగింది, "ఇంత బాగా మాట్లాడతావు కదప్పా, ఆ మొదటిరోజు ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకోని రెండు మాటలు అడిగుంటే?"

ఇప్పుడు నా షెడ్డులో ఏ బండి వచ్చినా మొదటి ట్రయల్ యజమానే తోలాలి. నేను పక్క సీట్లో కూర్చుంటాను. స్కానర్ తెరవడానికి ముందు మనిషిని చూస్తాను: చేతులు, కళ్లు, కాళ్లు. ఏమవుతోందో అతని మాటల్లోనే రాసుకుంటాను, ఒక్క అక్షరం మార్చకుండా. జబ్బు దొరికేదాకా రేటు మాట్లాడను. దీనివల్ల కొన్ని బేరాలు పోతున్నాయి.

జూన్‌లో ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి లెక్క అప్పజెప్పాను. మునిరత్నం మంచం మీద కూర్చుని, కాగితం చేతికి తీసుకుని, ప్రతి పద్దూ పైకి చదివించుకున్నాడు. నేను తీసుకున్నది: కూలి తొమ్మిది వేలు, ఫిల్టర్‌కు పద్నాలుగు వందల యాభై, ఇంజెక్టర్‌కు ఆరు వేల ఐదు వందలు, పెడల్‌కు ఐదు వేల ఎనిమిది వందలు. మొత్తం ఇరవై రెండు వేల ఏడు వందల యాభై. ఇది కాక, చెడిపోని అతని పాత పెడల్‌ని మే నెలలో ఇంకో బండికి బిగించి సంపాదించిన రెండు వేల ఐదు వందలు. అది అతనికి తెలియదు, నేనే చెప్పాను. కూలి, కొత్త పెడల్ సొమ్ము, పాత పెడల్ సొమ్ము కలిపి పదిహేడు వేల మూడు వందలు తిరిగి ఇచ్చాను. ఫిల్టరూ ఇంజెక్టరూ నిజంగానే పాడయ్యాయి కాబట్టి ఆ డబ్బు తీసుకోనన్నాడు. నేను సామాన్లకు పెట్టిన పది వేల ఏడు వందలు కూడా తీసేస్తే, ఈ కేసులో నాకు నష్టం రెండు వేల ఏడు వందల యాభై రూపాయలు. మునిరత్నానికి కుడికాలు, మోకాలి కింద నుంచి.