తీగ లాగినా కదలని డొంక

ఇంటర్నెట్ కంపెనీలో ఆమెను అందరూ దారులక్క అంటారు. ఎక్కడ లైను తెగినా, చందాదారుల ఇళ్లకు వెళ్లే నెట్‌ను వేరే దారికి ఇన్నాళ్లూ ఆమే టైపు కొట్టి మార్చేది. అందుకే ఖాళీగా కూర్చున్నా ఆమె వేళ్లు బల్ల మీద ఆడుతూనే ఉంటాయి. ఇవాళ్టి నుంచి ఆ దారుల్ని కంప్యూటరే ఎప్పటికప్పుడు మార్చుకోవాలి. పరీక్షకు తన పేటకు వెళ్లే రెండు లైన్లలో ఒకటి ఎంచుకుంది. ఇంట్లో అత్తగారు నెట్‌లో సీరియల్ చూస్తున్నారు. బొమ్మ క్షణం ఆగితే చాలు, ఫోన్ చేసి ఇల్లు పీకి పందిరేస్తారు. దారులక్క ఆ లైను కేబుల్ లాగేసింది. ఆఫీసులో అందరూ కంప్యూటర్ తెర వంక చూస్తుంటే ఆమె మాత్రం తన ఫోన్ వంకే చూసింది. అది మోగనే మోగింది! గబుక్కున ఎత్తింది.

"ఏమ్మాయ్, సీరియల్లో ఆ పిల్ల పెళ్లికి ఒప్పేసుకుందే!" అన్నారు అత్తగారు.

"బొమ్మ ఆగలేదా అత్తయ్యా?" కేబుల్ చేత్తో పట్టుకునే గెంతుతూ అడిగింది దారులక్క.

"ఆగుంటే నీతో ఇంత నెమ్మదిగా మాట్లాడతానా?"