బూడిద కలిపిన జొన్నలు

విత్తనం అన్న మాట గురించి నేను ఒకసారి నలుగురిలో మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను.

అప్పట్లో నాచారంలో ఒక గొట్టాల ఫ్యాక్టరీలో స్టోరు చూసేవాణ్ణి. రిటైరైన ఒక తెలుగు మాస్టారి మేడమీద నెలకో ఆదివారం కొందరం కూడేవాళ్లం. ఒక్కొక్కరు ఒక మాట పట్టుకొని దాని వెనకాముందు చెప్పాలి. గుంటూరు, ఏలూరు నుంచి ఉద్యోగాలకొచ్చి ఉప్పల్‌లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు వచ్చేవారు. నల్లగొండ, వరంగల్ నుంచి వచ్చిన మాలాంటివాళ్లమూ ఉండేవాళ్లం. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు కనుక, ఎవరి మాట అసలైందన్న పోటీ అందరిలో లోపల్లోపల ఉండేది. నాలో పైకే ఉండేది.

విత్తు, బీజం, గింజ అని మొదలుపెట్టి, మా ఊళ్లో ఇత్తునం అంటారని చెప్పాను. మందను పెంచడానికి అట్టిపెట్టుకున్న పొట్టేలును విత్తనం పొట్టేలు అంటారు. మనిషి బుద్ధి వంకరైతే 'ఆ ఇత్తునమే అసుంటిది' అని వాడి తాతల దాకా పోతారు. ఇంట్లో గింజల్లేవంటే ఈ పూట ఆకలి, విత్తనాల్లేవంటే వచ్చే ఏడు కూడా ఆకలే అన్నప్పుడు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

అది చూసి నాకు ఊపొచ్చింది. మా అమ్మ గురించి చెప్పాను.

అమ్మ ఏటా కోతలకు ముందు ఊరికి పోయి, మేనమామ చేన్లో తిరిగి, నిండైన పచ్చజొన్న కంకులు తనే ఏరేది. ఎండబెట్టి, రాల్చి, పిడకల బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి, మూతి మీద పేడతో మెత్తి, బస్సులో ఒళ్లో పెట్టుకొని నాచారంలో మా ఇంటికి తెచ్చేది. జూన్‌లో మిరుగు కార్తె వానలు పడగానే మామ వచ్చి ఆ కుండ తీసుకుపోయేవాడు. అమ్మమ్మ తర్వాత ఆ పని అమ్మకొచ్చింది. ఆమె దాచిన విత్తనం మొలవకపోవడం ఉండదని ఊళ్లో పేరు. చిక్కుడు, సొర గింజలు కూడా తెచ్చి ఆమె చేతికే ఇచ్చేవాళ్లు.

"అవే జొన్నలు. గంపలో ఉన్నంతసేపు గింజలు. బూడిద తగిలిందంటే విత్తనాలు. ఇక ఎంత కరువొచ్చినా వాటిమీద చెయ్యి పడదు" అని ముగించాను.

చప్పట్లయ్యాక, మాలో ఒక ఏలూరాయన అన్నాడు: "అంతా బాగానే చెప్పారు గానీ, ఆ పచ్చజొన్న రొట్టె మాకెప్పుడు పెడతారండీ?"

"వచ్చే ఆదివారమే. అందరూ మా ఇంటికి రండి" అనేశాను.

ఉప్పల్‌లో ఏ దుకాణంలో అడిగినా తెల్లజొన్నలే. "పచ్చజొన్నలు ఎవలు తింటున్నరన్నా గిప్పుడు? పిట్టలకు గావాల్నా?" అని నవ్వాడు ఒక కొట్టాయన. తెల్లజొన్న రొట్టె పెడితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నాకే నచ్చలేదు. పచ్చజొన్న అని చెప్పినవాణ్ణి పచ్చజొన్నే పెట్టాలి.

అమ్మ అప్పుడు చెంగిచెర్లలో మా అక్క ఇంట్లో ఉంది. వంటింటి మూలన కుండ ఉంది. నేను పేడ మెత్తు గీకుతుంటే నా భార్య వచ్చి చూసింది.

"ఏంజేస్తున్నవ్? అది అత్తమ్మ ఇత్తునం."

"మామ ఈ ఏడు జొన్న ఏస్తడో లేదో ఎవలకెర్క?"

"ఫోన్ జేసి అడుగరాదు?"

ఫోను నా జేబులోనే ఉంది. అమ్మ ఏమంటుందో తెలుసు కాబట్టే చేయలేదు. తెలియక చేశాననుకోవడానికి నాకు ఏ దారీ లేదు. బూడిద జల్లించింది నేనే, వేపాకు ఏరి పారేసింది నేనే. కుండెడు జొన్నలూ కడిగి డాబా మీద ఆరబోసి పిండి గిర్నీకి మోసుకుపోయాను. గిర్నీ అతను దోసిట్లోకి తీసుకొని చూసి, "మస్తున్నయన్నా. ఒక్క తాలు గింజ లేదు" అన్నాడు. నేను గర్వంగా నవ్వాను.

ఆదివారం అందరూ తింటుండగా అమ్మ ఆటో దిగింది. వచ్చినవాళ్లను చూసి సంబరపడి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. జల్లెడ, బూడిద కుప్ప, ఖాళీ కుండ అక్కడే ఉన్నాయి. ఆమె లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మా, మీ విత్తనాల సంగతి మీవాడు చెప్పాడండీ. మీ చెయ్యి బంగారం" అన్నాడు ఏలూరాయన, రొట్టె నములుతూ.

అమ్మ నావైపు చూడలేదు. "తినున్రి బాబూ. సల్లారితే గట్టిగైతది" అని తనే ఇంకో రొట్టె వేసింది. మేమందరం తిన్నాక నా భార్య పళ్లెం పెట్టబోతే, ఆకలైతలేదంది. సాయంత్రం కుండ తోమి బోర్లించింది.

వానలు పడ్డాక మామ వచ్చాడు. నీళ్లు తాగి, "తియ్యి అక్కా కుండ, మాపటి బస్సుకే పోత" అన్నాడు.

"ఇత్తునం లేదు తమ్మీ. పురుగువట్టింది."

"నీ చేతిల ఎన్నడన్న పురుగువట్టిందా?"

"ముసలిదాన్నైతిని. మూతి సరిగ మెత్తలే గావొచ్చు."

మామ నావైపు తిరిగాడు. "ఏం అల్లుడా, నువ్వన్న జర సూడకపోతివి?"

అమ్మ తల దించుకొని ఉంది. నేను నోరు తెరవడానికి కావలసినంత సమయం ఇచ్చింది.

"సూసుకోలేదు మామా" అన్నాను.

ఊళ్లో అడుగుదామంటే అప్పటికే అందరూ పత్తిలో ఉన్నారు. పచ్చజొన్న విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. మామ కూడా ఆ ఏడు పత్తే పెట్టాడు, ఆ తర్వాతా అంతే. అమ్మ చేతిలో పురుగు పడిందన్న మాట ఊరంతా తెలిసింది. చిక్కుడు గింజలు తెచ్చిచ్చేవాళ్లు తేవడం మానేశారు. కోతల కాలం వచ్చినప్పుడు, ఊరికి పోవా అని అడిగాను. "పొయ్యి ఏం ఏరుకరమంటవ్ రా? పత్తికాయలా?" అంది. నన్ను అన్నదల్లా అదొక్కటే.

రాష్ట్రం వచ్చిన ఏడాది అక్కవాళ్లింట్లో పెళ్లయింది. భోజనాలయ్యాక పందిట్లో కూచున్నప్పుడు ఎవరో పచ్చజొన్న సంగతి ఎత్తారు.

"మా అక్క ఉన్నది గద, పెద్ద చేతిగుణమామె! ఇత్తునం దాయమంటే పురుగులను సాది పెద్దజేసింది" అన్నాడు మామ. ప్రేమగానే అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది.

నేను ఆమె పక్కనే కూచున్నాను. అందరితో పాటు నేనూ నవ్వాను.