పది ఊపిర్లు, ఒక తాడు

నర్సంపేట చుట్టుపక్కల ఏ రైతు బావిలో మోటారు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు ఊడిపడినా, ఒకప్పుడు వెంకట్రాజానికే కబురు వచ్చేది. నడుముకు తాడు కట్టుకుని, గట్టు మీద నిలబడి, పదిసార్లు గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగేవాడు. పైనున్నవాళ్ళు కంగారు పడి తొంగిచూసేదాకా తేలేవాడు కాదు. తేలితే మాత్రం వాల్వు చేతిలో ఉండేది. ఆ పది ఊపిర్లు తండ్రి ఇచ్చిన విద్య అని మీసం దువ్వుకునేవాడు. అది తప్పేమో అని ఎవరైనా అన్నా వినే మనిషి కాదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

బోర్లు వచ్చాక బావులు ఎండిపోయాయి. ఆ ఈత పుణ్యాన హనుమకొండలో ఒక స్విమ్మింగ్ పూల్ దగ్గర కాపలా పని దొరికింది. పిల్లలకు పోటీ ఈత నేర్పేది కోచ్ భాస్కర్. ఎవరూ మునిగిపోకుండా చూడటం వెంకట్రాజం పని. పూల్ నీళ్ళలో కలిపే క్లోరిన్‌కు ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, పిల్లలు తాతా అని చుట్టూ తిరిగేవారు.

వాళ్ళలో మానస అంటే ఆయనకు ప్రాణం. కొత్తవాడలో జంపఖానాల దుకాణం నడిపే ప్రేమలత కూతురు, పదిహేనేళ్ళది. పోటీల్లో డైవ్ కొట్టాక పదిహేను మీటర్ల దాకా నీళ్ళలోపలే పోవచ్చు. ఆ పిల్ల ఎనిమిదికే ఊపిరాడక తేలేది, భాస్కర్ రోజూ తిట్టేవాడు. మార్చిలో ఒకనాడు ముఖం మాడ్చుకుని కూర్చున్న పిల్లను చూసి వెంకట్రాజం మనసు ఆగలేదు.

“ఇటు రా బిడ్డా. పదిసార్లు గబగబ ఊపిరి తీస్కో. పది కాంగనే నేను ‘మునుగు’ అంట, గప్పుడు మునుగు.”

వారం తిరిగేసరికి పిల్ల పదిహేను మీటర్లు అందుకుంది. భాస్కర్‌కు చెప్పకుండా తాతా మనవరాలూ లోలోపల మురిసిపోయారు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున, భాస్కర్ అవతలి చివర చిన్నపిల్లల దగ్గర ఉన్నాడు. మానస పది ఊపిర్లు తీసి మునిగింది. ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, మళ్ళీ తిరిగింది. వెంకట్రాజం గట్టు మీద నిలబడి లెక్కపెడుతున్నాడు, భయంతో కాదు, సంబరంతో. సగం దూరంలో పిల్ల అడుగున కదలకుండా ఉంటే, అబ్బ ఎంత దమ్ము అనుకున్నాడు. అలా అనుకుంటూ ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఆ తర్వాత దూకాడు.

భాస్కర్ ఛాతీ నొక్కి ఊపిరి తెప్పించాడు. నెల రోజులు దవాఖానలో ఉండి మానస ఇల్లు చేరింది. చేరిందన్న మాటేగానీ గోడ పట్టుకుని నడిచేది, ఇప్పుడు విన్న మాట ఇప్పుడే మరిచేది. ఫిట్స్ వచ్చి ఉంటుందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు అన్నారు. పిల్లను బయటికి తీసిన వెంకట్రాజాన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. కనబడ్డవాళ్ళంతా దండం పెట్టారు.

జూన్‌లో పూల్ మళ్ళీ తెరిచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజు ఒక డాక్టరును పిలిచి జాగ్రత్తలు చెప్పించారు. చెవి నొప్పి దాచొద్దన్నాడు, జ్వరంతో దిగొద్దన్నాడు. చివరికి అన్నాడు: “మునిగే ముందు గబగబా ఊపిరి తీయకండి. దాంతో దమ్ము పెరగదు. పైకి రమ్మని ఒళ్ళు చేసే హెచ్చరిక ఆగిపోతుంది, అంతే. బాగానే ఉందనుకుంటూనే స్పృహ తప్పుతారు.”

వెంకట్రాజానికి పాత సంగతి గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ కింద ఒక బావిలో తనకూ ఇలాగే కళ్ళు మూతపడ్డాయి. బావి గాలి సోకిందనుకుని మరిచిపోయాడు. ఆయన తేరుకునేలోపే, బిడ్డను కాపాడినందుకని భుజాల మీద శాలువా కప్పి చప్పట్లు కొట్టారు.

ఇంటికి పోయి భార్య కట్టమ్మకు అంతా చెప్పాడు. బావుల దగ్గర ఆయన తాడు పట్టుకున్నది ఆమే. ఆనాడు తాడు కదలడం లేదని కేకలు పెట్టి రైతులతో పైకి లాగించిందీ ఆమే.

“ఊపిరి నేర్పినవ్ గని తాడు నేర్పకపోతివి,” అంది. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది.

మర్నాడు మానస స్నేహితురాలు సుకన్య పూల్ అంచు పట్టుకుని గబగబా ఊపిరి తీస్తోంది. వెంకట్రాజం పరుగున వెళ్ళి చెయ్యి పట్టి బయటికి లాగాడు.

“నిన్న డాక్టర్ సారు చెప్పింది ఇనలేదా?”

“ఆ సారుకు ఈతేం ఎరుక తాతా? ఇది నీ ఉపాయమేనట కదా, మానస చెప్పింది. దానికైతే ఫిట్స్ వచ్చినయ్, నాకు లేవు కదా.”

ఈ పిల్లలకు డాక్టరు మాట కన్నా తన మాటే వేదం. వీళ్ళను ఆపగలిగింది తానొక్కడే, ఆపాలంటే మానసకు నేర్పింది తానేనని ఒప్పుకోవాలి. నౌకరీ పోతుంది, దండాలు పోతాయి. అంతకన్నా కష్టం, ప్రేమలత ముఖం చూడటం. అయినా సాయంత్రం కొత్తవాడ దారి పట్టాడు.

ప్రేమలత ఎదురొచ్చి జంపఖానా పరిచింది. “కూసో కాకా. నువ్వు లేకుంటే నా బిడ్డ లేకపోవు.”

గోడకు ఆనుకున్న మానస ఆయన్ని చూసి నవ్వింది. వెంటనే గబగబా ఊపిరి తీయడం మొదలుపెట్టింది.

“దవాఖాన నుంచి వచ్చినకాంచి గిట్లనే చేస్తాంది. మందులకేమో,” అంది తల్లి.

పదో ఊపిరి దగ్గర మానస ఆగింది. మునుగు అనే మాట కోసం ఆయన ముఖంలోకి చూసింది.

“మందులు కాదు బిడ్డా. నేనే నేర్పిన,” అన్నాడు వెంకట్రాజం. దాచకుండా అంతా చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు.

ప్రేమలత కూతురి చున్నీ సర్దింది. తర్వాత అడిగింది, “ఇంకెవలన్న చేస్తాన్రా?”

“సుకన్య చేసింది. ఇయ్యాల ఆపిన.”

“రేపు అందరి ముందట చెప్పు. నేను బిడ్డను తీస్కొస్త. దీన్ని చూస్తెనన్న నీ మాట ఇంటరు.” ఆమె ముఖం తిప్పుకుంది. “మా ఇంటికి మాత్రం ఇగ రాకు కాకా.”

ఆయన లేచాడు. మానస మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పది కాకముందే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దు బిడ్డా.”

“ఎందుకు తాతా?”

మార్చిలో ఆ పిల్ల ఈ మాట అడగలేదు, ఆయనకూ చెప్పాలని తోచలేదు. ఇప్పుడు పక్కన కూర్చుని మెల్లగా అంతా చెప్పాడు, తాడు సంగతి కూడా. మానస బుద్ధిగా విని తల ఊపింది. ఆయన గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

“వద్దంటివి కదా, ఎందుకు తాతా?”