మారుతండ్రి రిటర్ను

నన్ను అసిస్టెంట్ రిజిస్ట్రారు హోదాలో ఆర్థిక సహాయ విభాగానికి మార్చింది, కోవిడ్ తగ్గి క్యాంపస్ మళ్ళీ పిల్లలతో నిండిన ఏడాది నవంబరులో. అంతకుముందు చాలాకాలం పరీక్షల విభాగంలో పనిచేశాను. అక్కడ అంకెల్లో తేడా వస్తే ఇట్టే పట్టేయొచ్చు. ఇక్కడ అంకె సరిగ్గానే ఉంటుంది, దాని వెనకున్న మనిషే అంతుపట్టడు.

విభాగం పని స్థూలంగా ఇదీ. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల్లో చేరిన పేద విద్యార్థులకు ప్రభుత్వ రీయింబర్స్‌మెంటు రాకపోతే, విశ్వవిద్యాలయం తన నిధి నుంచి ఫీజు మాఫీ ఇచ్చేది. కుటుంబం మొత్తం ఆదాయాన్ని బట్టి పూర్తి మాఫీ ఒకటి, సగం మాఫీ ఒకటి; పరిమితి దాటితే ఏదీ లేదు. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం తప్పనిసరి. ఇంట్లో సొంత పని చేసుకునే మనిషి ఉండి, ఆయనకు పాన్ కార్డు కూడా ఉంటే గత మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు జతచేయాలి. వేయకపోతే ఎందుకు వేయలేదో రాయాలి. ఈ చివరి నిబంధన దరఖాస్తు అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. మా తలనొప్పులన్నీ అక్కడి నుంచే మొదలయ్యేవి.

శిరీష దరఖాస్తు కూడా అక్కడే ఆగింది. జెనెటిక్స్ ఎమ్మెస్సీలో సీటు తెచ్చుకున్న పిల్ల. ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. బడిలో ఉండగానే తండ్రి పోయాడు. తల్లి తార్నాకలో ఒక క్లినిక్‌లో ఆయాగా పనిచేస్తూ, నాలుగేళ్ళ కిందట యాదగిరి అనే ట్రాలీ ఆటో డ్రైవరును పెళ్ళి చేసుకుంది. శిరీష కుటుంబ సభ్యుల పట్టికలో ఆయన పేరు రాసి, బంధుత్వం దగ్గర ‘అమ్మ భర్త’ అని పెట్టింది.

కౌంటరులో ఉండే మా జూనియర్ అసిస్టెంట్ రాజేందర్‌కు అది చూడగానే చిర్రెత్తింది. మంచివాడే, పిల్లల మేలు కోరేవాడే. కాకపోతే మేలంటే పని తొందరగా తెమలడమని అతని లెక్క. “ఏంది తల్లీ గీ లొల్లి? మీ నాయిన డెత్ సర్టిఫికెట్ ఉన్నది కద. గీ పేరు తీసెయ్, ఫుల్ మాఫీ అయితది” అన్నాడట. వితంతువుల పిల్లలను పన్ను కాగితాలు అడక్కుండా పూర్తి మాఫీ కింద పంపడం మా విభాగంలో వాడుక. జిరాక్స్ షాపులోనూ, క్యూలోనూ ఆ పిల్లకు అందరూ అదే చెప్పారట.

శిరీష తీయనంది. “ఆయన మా ఇంట్లనే ఉంటడు సార్. లేడని ఎట్ల రాయాలె?” అన్నది. దాంతో ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

చూస్తే వ్యవహారం బాగాలేదు. మూడేళ్ళలో మొదటి ఏడాదికి యాదగిరి రిటర్ను ఉంది. అందులో చూపిన ఆదాయం మా పరిమితికి చాలా పైన. తర్వాతి రెండేళ్ళకూ ఏమీ లేదు. కారణం రాయాల్సిన చోటు ఖాళీ. ఇలాంటివి ఎన్నో చూసిన ఏ గుమాస్తా అయినా దీన్ని ఒకే రకంగా చదువుతాడు, నేనూ అలాగే చదివాను: బాగా సంపాదించి, పన్ను దగ్గరికి వచ్చేసరికి మొహం చాటేసిన మనిషి అని. శిరీషను పిలిచి, గురువారం కమిటీ ఉంది, ఈలోగా ఆయన వచ్చి కారణం చెప్పాలన్నాను. శుక్రవారం ఫీజు గడువు. అది దాటితే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి వారికి వెళ్ళిపోతుంది.

మర్నాడు యాదగిరి ఒక్కడే వచ్చాడు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడమ్, నా పేరు కొట్టేయుండ్రి. నేను ఆ ఇంట్ల కిరాయికి ఉంటున్ననని రాస్కోండ్రి. పోరికి మాత్రం చెప్పకుండ్రి” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళిచేసుకున్న ఇంట్లో కిరాయిదారు ఎలా అవుతారండీ, ముందు రిటర్నుల సంగతి చెప్పండి అన్నాను. కాస్త నీళ్ళు నమిలి చెప్పాడు. పాత బండి పాడైతే కొత్త ట్రాలీ కోసం ముషీరాబాద్‌లో ఒక లోన్ ఏజెంటును కలిశాడు. ఐటీ కాగితం లేకపోతే అప్పు పుట్టదని ఆ ఏజెంటే పాన్ కార్డు తీయించి, ఆదాయం రెట్టింపు చేసి రిటర్ను వేశాడు. “ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, చెప్పిన. గంతే మేడమ్. మళ్ల ఏడు రిటర్ను వేద్దామంటే, పోయినేడు గంత సంపాయించినవ్ గద, గిప్పుడేమైందని అడుగుతరని బుగులు.”

ఇది యాదగిరి ఒక్కడి సంగతి కాదు. మన నగరంలో చాలామందికి రిటర్ను అంటే పన్ను కాగితం కాదు, లోను కాగితం. ఫొటో స్టూడియోలో అద్దె కోటు తొడుక్కుని దిగిన ఫొటో లాంటిది. అప్పు ఇచ్చేవాడికి చూపించి పెట్టెలో పడేస్తారు. యాదగిరికి మాత్రం ఆ ఫొటోయే అడ్డం తిరిగింది.

దరఖాస్తుదారు రాసిన పేరు కొట్టేసే అధికారం నాకు లేదని చెప్పాను. వేయని రెండేళ్ళలో మొదటిదాని గడువు ఎలాగూ దాటిపోయింది. ఆఖరి ఏడాదిది డిసెంబరు నెలాఖరు దాకా ఆలస్యంగానైనా వేయొచ్చు. తార్నాకలో ఎవరైనా టాక్స్ కన్సల్టెంటును కలిసి, ఉన్న ఆదాయం ఉన్నట్టు చూపించి వేయమన్నాను. పాత అంకె ఎందుకు ఎక్కువ ఉందో, తర్వాత ఎందుకు వేయలేదో నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించమన్నాను.

“అబద్ధం రాయించిన అని నేనే రాసియ్యాల్నా? పోలీసోళ్ళు వస్తరా మేడమ్?”

అది పన్ను శాఖ చూసుకునే విషయమనీ, ఏమవుతుందో కన్సల్టెంటునే అడగాలనీ చెప్పాను. నాకు తెలియని విషయంలో భరోసా ఇవ్వడం నాకు చేతకాదు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడని నేననుకోలేదు. రాకపోతే ఆ పిల్ల సీటు పోతుందన్న దిగులు ఆ రెండు రోజులూ నన్ను వదల్లేదు.

మామూలుగా కమిటీ కాగితాలు చూసి తేలుస్తుంది, మనుషులను పిలవదు. ఈ ఫైలుకు మాత్రం నేను నోటు పెట్టి పిలిపించాను. గురువారం శిరీష ఒక్కతే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆమె వంతు వస్తుండగా కింద వాచ్‌మన్ విజిల్ మీద విజిల్ వేస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే, టెంట్ హౌస్ కుర్చీలు నింపిన ట్రాలీని మెట్లకు అడ్డంగా వదిలేసి యాదగిరి పరుగున వస్తున్నాడు. ఇద్దరూ లోపలికి వచ్చేసరికి ఆయన చేతిలో కొత్త రిటర్ను రసీదు, అఫిడవిట్ ఉన్నాయి.

కమిటీ అధ్యక్షులు కామర్స్ ప్రొఫెసరు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, ఇందులో ఏది నమ్మమంటారని అడిగారు.

“పాతది అబద్ధం సార్. బండి కోసం ఎక్కువ జెప్పిన. పిల్ల సదువు కోసం తక్కువ జెప్తలేను. ఉన్నది ఉన్నట్టు జెప్తున్న.”

పాత అంకె అబద్ధమన్న సంగతి శిరీషకు అప్పటిదాకా తెలియదు. “ముందే ఎందుకు జెప్పలే కాకా?” అని, చిన్నాన్నను పిలిచినట్టు పిలిచి ఆయన్నే అడిగేసింది. కమిటీ ముందు ఉన్నామన్న మాట ఇద్దరూ మరిచిపోయారు. “నా పేరు రాయకు రాయకు అని మొత్తుకుంటి గద, ఇన్నవా నువ్వు?” అన్నాడాయన. ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడుచుకునే నెపంతో నవ్వు దాచుకున్నారు.

ఒక సభ్యుడు పూర్తి మాఫీ ఇచ్చేద్దామన్నారు. తల్లి జీతం, యాదగిరి ఆదాయం కలిపితే సగం మాఫీ కిందికే వస్తుందని నేను గుర్తుచేయాల్సి వచ్చింది. అది నా ఉద్యోగం. సగమే మంజూరైంది. ఇంటి పెద్ద హామీపత్రం రాసిస్తే మిగతా సగం రెండు వాయిదాల్లో కట్టే వీలుంది. ఆ హామీపత్రం మీద ‘సంరక్షకుడు’ అని ఉన్నచోట యాదగిరి నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా సంతకం చేశాడు. మర్నాడు మొదటి వాయిదా చేరింది, సీటు నిలిచింది.

సాయంత్రం రాజేందర్ నా గదికొచ్చి, “నేను చెప్పినట్టు ఇనుంటే ఫుల్ అయ్యేది కద మేడమ్” అన్నాడు. అయ్యేదే. ఆ మాటే వరండాలో శిరీషతోనూ అన్నాడట. “సగం నాకు చాలు సార్, ఇంకో సగానికి కాక ఉన్నడు” అన్నదట ఆ పిల్ల.

ఆ ఫైలుతో నేను నేర్చుకున్నది ఇంతే. ఆదాయం ముందు అడిగితే, ఆ అంకెకు సరిపోయే కుటుంబాన్ని జనం రాసిస్తారు. ఇంట్లో ఎవరెవరున్నారో ముందు అడగాలి. మా దరఖాస్తులో కుటుంబ సభ్యుల పట్టిక చివరి పేజీలో, ఆదాయం తర్వాత ఉండేది. రిటైరయ్యేలోపు దాన్ని మొదటి పేజీకి మార్పించాను. ఆ విభాగంలో నేను చేయించిన మార్పు అదొక్కటే.