చేదైతే చాలన్న అంకుల్

"చేదు ఏదైనా షుగర్‌కి మందే" అనేవారు అమెరికాలోని డబ్లిన్‌లో మా వీధి చివరి అంకుల్. వేపాకైనా కాకరైనా కళ్లు మూసుకుని నమిలి "ఆహా!" అనేవారు. ఎండిన కొండవాలులో పాకే బఫెలో గోర్డ్ అనే అడవి గుమ్మడి గింజలు తెచ్చి బ్యాక్‌యార్డ్‌లో నాటారు. నీళ్లు పోయకపోయినా దుంప లోతుకు దిగి ఏటేటా చిగురించే తీగ అది. నారింజంత కాయలు కాసింది.

లైబ్రరీలో మొక్కల పుస్తకాలన్నీ చదివినదాన్ని, ఊరుకోలేకపోయాను. "గింజలు వేయించి తినొచ్చు, నూనె తీయొచ్చు అంకుల్. గుజ్జు మాత్రం విషం."

"పుస్తకాలకి షుగర్ వస్తుందా అమ్మా?" అని నవ్వారు. మర్నాడే షుగర్ ఉన్న మావారి చేత ఆ గుజ్జు రసం తాగించారు.

సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. ఎమర్జెన్సీకి పరుగెత్తాం. అంకుల్ చూడటానికి వచ్చి, "లోపలి చెడంతా క్లీన్ అవుతోందమ్మా, మంచిదేగా" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు తాగారా?"

"నాకు షుగర్ లేదుగా!"

"బయటికి నడవండి" అని అరిచాను.

సెలైన్ ఎక్కుతున్న మావారు నీరసంగా కళ్లు తెరిచారు. "పెద్దాయన్ని అలా అనకు. డోస్ ఎక్కువైందంతే. రేపట్నుంచి సగం గ్లాసు చాలా అంకుల్?"