వాననీళ్ల క్యాన్లు

ఈ సాయంత్రం చూరు కింద పెట్టిన ఖాళీ క్యానులో తొలి చినుకులు టపటపమన్నాయి. అనంతపురంలో వాన అంటే పండగే, ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వచ్చారు. నేను మాత్రం పరుగున పోయి రెండో క్యాను కూడా తెచ్చి పక్కన పెట్టాను. వాన పడినప్పుడల్లా నాకు నారాయణప్పే గుర్తొస్తాడు.

ఆయన శింగనమలలో ఆయిలింజన్ల మెకానిక్. తొంభైల చివర కరువుకు బావులెండి, నీళ్లు తోడే ఇంజన్లన్నీ మూలపడి, ఆయన చేతికి పని లేకుండా పోయింది. నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవాణ్ణి. మా అన్న వజ్రకరూరులో వజ్రాల కోసం రాళ్లు పరీక్షించే ఉద్యోగం చేస్తూ, దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక పరదేశి దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రటిది, రెండే సీట్లు. అన్న జబ్బుచేసి పోయాక నాకు మిగిలిన గుర్తు అదొక్కటే. పది కిలోమీటర్లు పోకుండానే ఉడికిపోయి ఆవిరి కక్కేది. టౌనులో మెకానిక్కులు దండం పెట్టేశారు. ఇంట్లోవాళ్లు పాత ఇనుముకు వేసెయ్యమన్నారు. అన్న కూర్చున్న సీటును తూకానికి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. చివరికి దాన్ని నారాయణప్ప రేకుల షెడ్డుకు లాక్కుపోయాను.

అలాంటి కారును ఆయన జన్మలో చూడలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంజనంటే ఇంజనే గదప్పా" అన్నాడు. పానా ముట్టలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి, ఎక్కుడు దారిలో వేడెక్కుతుందా, చదునులోనా, ఏ నీళ్లు పోస్తున్నావు అని అడిగాడు. అడగడం అయ్యాకే పని. అదీ ఒకసారికి ఒకటే, సరిచేసి, నడిపి చూసి, ఆ తర్వాతే రెండోది. నేను క్లాసులో చెప్పేదీ అదే, పాటించిన పాపాన మాత్రం పోలేదు. రేడియేటర్ విప్పితే బోరు నీళ్ల సున్నం తెల్లగా పేరుకుని ఉంది. దాన్ని శుభ్రం చేసి, షెడ్డు రేకుల మీంచి తొట్టిలోకి పట్టిన వాననీళ్లు ఒక క్యాను నిండా ఇచ్చి, ఇవి తప్ప వేరేవి పోయవద్దన్నాడు.

మా ఇంట్లో బోరు నీళ్లకు కందిపప్పు, మా వైపు బ్యాళ్లంటాం, ఎంతసేపు పెట్టినా ఉడికి చచ్చేది కాదు. వాననీళ్లు చూడగానే నా భార్య ఒక చెంబు అడిగింది. చెంబు చెంబుగా క్యానంతా వంటింటికి పోయింది, బోరు నీళ్లు కారులోకి పోయాయి. నిజం చెప్పాలంటే, ఆ పప్పు నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను.

వేసవికి కారు మళ్లీ ఉడికింది. నారాయణప్ప మొదట అడిగింది నీళ్ల సంగతే. రేడియేటర్ పాఠం చెప్పే నాకు సిగ్గేసి, "నువ్విచ్చినవే అన్నా" అన్నాను. ఆయన నమ్మాడు. నమ్మాడు కాబట్టే సున్నం సంగతి పక్కనపెట్టి మిగతావన్నీ వెతికాడు. ఫ్యాను బెల్టు చూశాడు, నీళ్ల పంపు విప్పాడు. రెండు రోజులు కాలే రేకుల కింద ఆ ముసలి నడుము వంగే ఉంది. పక్కన నిలబడి పానాలు అందిస్తూ కూడా నేను నోరు విప్పలేదు. ఆఖరికి ఇంజన్ హెడ్డు ఎత్తాడు. లోపల నీళ్లు పారే దారుల నిండా తెల్లటి సున్నం. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే ఇంజన్ పట్టేసి, అన్న కారు నిజంగానే ఇనుము కింద పోయేది.

ఆయన సున్నాన్ని గోటితో గీకి చూసి, నావైపు తిరిగాడు.

"బ్యాళ్లు బాగా ఉడికినాయా సారూ?"

తల దించుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆయన చేతులు తుడుచుకుని, అడుగంటిన తొట్టిలోంచి రెండు క్యాన్లు ముంచి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఒకటి బండికి, ఒకటి ఇంట్లో ఆయమ్మకు. అడిగింటే అప్పుడే రెండు ఇచ్చేటోన్ని గదప్పా."

వాళ్లింట్లో పప్పు ఉడికేదీ ఆ తొట్టి నీళ్లతోనేనని నాకు తర్వాత తెలిసింది.

నారాయణప్ప ఇప్పుడు లేడు. ఆయన బాగుచేసిన కారు ఉంది, ఆదివారాలు శింగనమల దాకా ఆగకుండా పోయి వస్తుంది. పోయినేడు నాకు గుండెనొప్పి వచ్చినప్పుడు, మాత్రలు మానేసిన సంగతి డాక్టరు అడగకముందే చెప్పేశాను. బాగుచేసే మనిషి దగ్గర దాచిపెడితే ఎవరి నడుము వంగుతుందో నేను చూసినవాణ్ణి.

వాన వెలిసింది. రెండు క్యాన్లూ నిండాయి. ఒకటి కారు దగ్గర పెట్టి, రెండోది వంటింట్లోకి మోసుకుపోయాను. కాసేపటికి పొయ్యి మీద ఆ నీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతున్న వాసన. ఆ రోజు నారాయణప్పకు చెప్పలేని జవాబు ఇప్పటికి నోటికొచ్చింది. ఉడికినాయన్నా, బాగా ఉడికినాయి.