కోడీకతో తుడిచిన దొరసాని

మా ఊరు ఎర్రగుంట్లకు దగ్గర. సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యమా అని మా ఊళ్లో వేపాకు కూడా బూడిద రంగులోనే ఉంటుంది. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఎవరిదో పోల్చుకోవాలి. అలాంటి ఊళ్లో, మా చర్చి గోడమీద ఒక నూనెరంగుల పటం ఉంది. ఎత్తుగా దువ్వి తెల్లపొడి చల్లిన జుట్టు, గులాబీ బుగ్గలు, మెడలో ముత్యాలు, నీలం పట్టుగౌను. మా ఊరివాళ్లకు ఆమె దొరసాని. తాతల కాలంలో ఇక్కడ బంగళాలో ఉండి, ఆడవాళ్లకు పలక పట్టడం నేర్పిన మిషనరీ దొరసాని. దొరలు వెళ్లిపోతూ వదిలేసిన సామాన్లలో ఈ పటం దొరికితే, ఆమె కాక ఇంకెవరై ఉంటారని పెద్దలు తెచ్చి చర్చిలో తగిలించారు.

ఊరికి కొత్తకోడలు వస్తే, పెళ్లయిన మొదటి ఆదివారం ఆమెను పటం ముందు నిలబెట్టి, తెర తీసి చూపించాలి. దొరసాని కథ చెప్పాలి. కోత పండుగనాడు తొలి జొన్నకంకి ఆమె ముందు పెట్టాలి. ఇవి బైబిలు వాక్యంలో ఎక్కడా లేవు. మా ఊళ్లో ఉన్నాయి, అంతే.

తెర తీసేది, కథ చెప్పేది మా అమ్మ. చర్చి ఊడ్చి, గంట కొట్టి, తాళం వేసే పని ఆమె పెళ్లయిన ఏడాది నుంచీ ఆమెదే. తాళంచెవి ఎప్పుడూ కొంగుకు ముడేసి ఉండేది. తెర అంటే మరేం కాదు, అమ్మ పాత నూలుచీర ముక్క. ప్రతి శనివారం దాన్ని బయట విదిలించి, కోడీకతో పటం మీది దుమ్ము దులిపేది. తడిగుడ్డ తగలనిచ్చేది కాదు. ఒకసారి పండుగకు మెరుగు రావాలని ఒకాయన కొబ్బరినూనె గిన్నెతో వస్తే, "ఆ నూనె నీ తలకాయకు పెట్టుకో పో అప్పా" అని గడపలోంచే పంపేసింది. ఆమె నోటికి ఊరంతా జంకుతుంది. నాకూ అదే నోరు వచ్చిందని మా స్కూల్లో అంటారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంటాను.

తప్పు నాదే. కడపలో టీచరు పని చేసే నేను, సెలవులకు వచ్చినప్పుడు పటాన్ని ఫోన్లో తీసి, పాత చిత్రాలు బాగుచేసే స్నేహితురాలికి పంపాను. మా ఊరి దొరసానిని చూడు అని గొప్ప చెప్పుకోవడానికి పంపాను. ఆమె హైదరాబాదు నుంచి ఏకంగా వచ్చేసింది. భూతద్దంతో గంటసేపు చూసి తేల్చి చెప్పింది. ఈమె మిషనరీ కాదు, ఫ్రాన్సు రాజుల కొలువులో ఉండిన గొప్పింటి స్త్రీ. పేరు తెలియదు గానీ, ఆ అలంకారమంతా రాజాస్థానానిదే. పటానికి రెండువందల ఏళ్లు దాటాయి.

ఊరు భగ్గుమంది. రాజు కొలువులో ఆమెకా మీరు కంకులు పెట్టేది అని పక్కూరివాళ్లు టీకొట్టు దగ్గర నవ్వారట. ఆదివారం ఆరాధన కాగానే సంఘపెద్ద అందరి ముందూ అమ్మను నిలదీశాడు. ఆ వారంలోనే ఆయన కొడుకు పెళ్లి, వచ్చే ఆదివారం కొత్తకోడలిని పటం ముందు నిలబెట్టాలి. ఆ కోపంలో అది కూడా ఉంది.

"ఏమక్కా, ఇన్నేండ్లూ దొరసాని, దొరసాని అని చెప్తా వచ్చినావే. ఇప్పుడు మేం తలకాయ యాడ పెట్టుకునేది? ఆ తాళంచెవి ఇట్టియ్యి. వచ్చే ఆదివారం పటం దించేస్తాండాం."

అమ్మ కొంగుముడి విప్పి ఇచ్చేసింది. అంత నోరున్న మనిషి తల వంచుకుని ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. వారమంతా ఆమె చెయ్యి ఖాళీ కొంగును తడుముతూనే ఉంది.

దించేటప్పుడు పటం దెబ్బతినకూడదని స్నేహితురాలిని మళ్లీ పిలిపించాను. ఆరాధన అయ్యాక, సంఘపెద్ద కొత్తకోడలు కూడా నిలబడి చూస్తుండగా, పటాన్ని టేబుల్ మీద పడుకోబెట్టి చూసి ఆమె ఆశ్చర్యపోయింది.

"ఇంత ఎండలో, ఇంత దుమ్ములో ఈ రంగులెలా నిలిచాయి? దీన్ని శుభ్రం చేసేదెవరు?"

"మేమేనమ్మా, సంఘమంతా కలిసి చూసుకుంటాం" అన్నాడు పెద్దాయన గొంతు సవరించుకుని.

"దేనితో?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తడిగుడ్డతోనే గదా" అన్నాడాయన చివరికి.

"తడిగుడ్డ పెట్టుంటే ఈపాటికి రంగంతా పెచ్చులూడేది."

ఇక నేను ఆగలేకపోయాను. వెనక బెంచీలో కూర్చున్న అమ్మను లేపాను. అమ్మ గూట్లోంచి కోడీకా, మడిచిన చీరముక్కా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. స్నేహితురాలు ఆ ఈకను వేళ్ల మధ్య తిప్పి చూసి, "మేము మెత్తటి కుంచెతో చేసే పని మీరు దీంతో చేశారు. ఈ పటం బతికింది మీ వల్లేనమ్మా" అని చేతులు జోడించింది. నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా నేనంత గర్వపడలేదు.

అప్పుడు తెరిచింది అమ్మ నోరు.

"ఈమె దొరసాని కాదని నాకు ముందే తెలుసప్పా. మాయమ్మ ఆ బంగళాలో వంటమనిషి. దొరసాని మెడలో పూస గూడా ఉండేది కాదంట. ఎండలో ఊర్లు తిరిగి మొగం కమిలిపోయి ఉండేదంట. ఈమె చేతులు చూడు, చెంబెత్తిన చేతులేనా అవి?"

"మరి ఎందుకు చెప్పకపోతివక్కా?" అన్నాడు పెద్దాయన.

"చెప్పకపోయేది నా తప్పే, ఒప్పుకుంటాండా. ఆయమ్మ పటం మన దగ్గర యాడుండాది? ఈమెను చూపించి ఆయమ్మ కత చెప్పినా. ఆ కత అబద్దం కాదు. మీయమ్మ ఓనమాలు దిద్దింది ఆయమ్మ బడిలోనే గదా? ఇంక మీద ఇద్దరి కతా చెప్తా. ఈమె మనకేం అన్యాయం చేసిందని తరిమేది?"

స్నేహితురాలు పటం వివరాలు రాసుకుంటున్న కాగితంలో, కాపాడినవారు అన్నచోట అమ్మ పేరు రాసి సంతకం పెట్టమంది. ఫ్యానుగాలికి కాగితం లేచిపోతోంది. పెద్దాయన జేబులో చెయ్యి పెట్టి, తాళంచెవి తీసి కాగితం మీద బరువుగా పెట్టాడు. అమ్మ ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు సంతకం చేసింది. కాగితం అటిచ్చి, తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుంది.

"ఇంకేం చూస్తాండావప్పా, పటం ఎత్తి గోడకు తగిలించు. నీ కొత్తకోడలు ఎంతసేపని నిలబడుకోవాల?" అంది.